పాలచౌడులో మొక్కజొన్న: యూరియా కన్నా ముందు నీళ్లు

చెన్నైకి ఉత్తరాన మీంజూరు, పొన్నేరి వైపు భూగర్భ జలాల్లోకి సముద్రపు నీరు చొరబడి దశాబ్దాలైంది. అలాంటి బోరు నీటితో ఉప్పు పేరుకున్న నేలలో, అంటే పాలచౌడులో, పెంచిన మొక్కజొన్న పాలిపోగానే మన రైతు చెయ్యి యూరియా బస్తా మీదికే పోతుంది. ముందు ఆకును దగ్గరగా చూడండి. నత్రజని చాలకపోతే కింది ఆకు కొసన పుట్టిన పసుపు, నడి ఈనె వెంట ‘వి’ ఆకారంలో లోపలికి దిగుతుంది. ఉప్పు దెబ్బైతే కొసలు, అంచులు మాడతాయి, మొక్క గిడసబారుతుంది. పొటాష్ లోపంలోనూ అంచులు మాడతాయి కాబట్టి మట్టి పరీక్ష తప్పదు.

ఉప్పును ఈసీ (విద్యుత్ వాహకత, యూనిట్ డెసిసీమెన్స్/మీటరు)తో కొలుస్తారు. సంతృప్త మట్టి సారంలో, అంటే నీటితో పూర్తిగా తడిపిన మట్టి ముద్ద నుంచి తీసిన నీటిలో, ఈసీ 1.7 దాటితే, ఆపై ఒక్కో యూనిట్‌కు దిగుబడి సుమారు 12 శాతం పడిపోతుంది. అంటే ఈసీ 4 ఉన్న చేలో పావు వంతుకు పైగా పోయినట్టే. చాలా ల్యాబులు ఒక వంతు మట్టికి రెండు వంతుల నీళ్లు కలిపి కొలుస్తాయి. ఆ అంకె తక్కువ చూపిస్తుంది. ఏ పద్ధతో అడిగి తెలుసుకోండి.

ఉప్పులోని క్లోరైడ్ వేరు దగ్గర నైట్రేట్‌కు అడ్డుపడుతుంది. మట్టిలో నత్రజని ఉన్నా మొక్కకు అందదు. మరో బస్తా పోస్తే ఉప్పు భారమే పెరుగుతుంది. అందుకే విత్తే ముందే మంచినీళ్లు నిండా కట్టి ఉప్పును కిందికి దించాలి, మురుగు కాలువ తప్పనిసరి. యూరియా వేశాక ఈ పని చేస్తే నైట్రేట్ కూడా ఉప్పుతోపాటే కొట్టుకుపోతుంది. జిప్సం కారుచౌడుకు (సోడియం పట్టిన క్షార నేలకు) మందు, ఉత్త పాలచౌడుకు దండగ.

తమిళనాడులో హైబ్రిడ్‌కు సిఫారసు హెక్టారుకు 250 కిలోల నత్రజని. ఎకరాకు 100 కిలోలు, అంటే 45 కిలోల యూరియా బస్తాలు దాదాపు ఐదు. విత్తేటప్పుడు పావు, 25 రోజులకు సగం, 45 రోజులకు పావు వేస్తారు. చౌడులో ఆ సగాన్ని 20, 30 రోజులకు రెండుగా విడగొట్టడం మేలు. దిగుబడి ఆశ తగ్గిన చేలో మోతాదూ ఆ మేరకు తగ్గాలి.

ఉప్పు బోదె నెత్తికి చేరుతుంది కాబట్టి గింజను పక్క వాలులో నాటండి. యూరియా మొక్కకు బెత్తెడు దూరంలో, 5 సెంటీమీటర్ల లోతున వేసి మట్టి కప్పండి. పైన చల్లితే అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. గింజకు తగిలితే మొలకే రాదు. అమ్మోనియం సల్ఫేట్‌తో అంతే నత్రజని ఇవ్వాలంటే ఉప్పు భారం యూరియాకు రెట్టింపు. పొటాష్ కావాలంటే మ్యూరియేట్ బదులు సల్ఫేట్ రూపం వాడండి, క్లోరైడ్ కలవదు.

మూడో విడతకు ముందు బోరు నీటి ఈసీ మళ్లీ కొలవండి. పెరిగి ఉండి, కొత్త ఆకుల కొసలూ మాడుతుంటే ఆ పావు వేయకుండా ఆపండి.