1969: పోలింగ్‌కు ముందు ఆ నాలుగు వారాలు

రాష్ట్రపతి ఎన్నికైనా ఉపరాష్ట్రపతి ఎన్నికైనా, క్రాస్ ఓటింగ్ (సొంత పక్షాన్ని కాదని అవతలి అభ్యర్థికి ఓటేయడం) మాట రాకుండా ముగియదు. 2025 సెప్టెంబర్ 9న జరిగిన ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఎన్డీఏ అభ్యర్థి సీపీ రాధాకృష్ణన్‌కు 452 ఓట్లు పడ్డాయి. ప్రతిపక్షాల అభ్యర్థి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డికి 300 వచ్చాయి. తమ ఎంపీలు 315 మంది ఓటేశారని ప్రతిపక్షం చెప్పుకుంది. 15 ఓట్లు చెల్లలేదు. ఎవరు అటు వేశారు, ఎవరు కావాలనే ఓటు పాడు చేసుకున్నారు అన్న అనుమానాలు వెంటనే మొదలయ్యాయి. 2027లో రాష్ట్రపతి ఎన్నిక రావాల్సి ఉంది కనుక ఆ చర్చ ఇప్పట్లో చల్లారేలా లేదు. ఇందులో రెండు పక్షాలూ సాక్ష్యానికి పిలిచేది 1969నే. ఆ ఏడాది ఎంపీలు, ఎమ్మెల్యేలు అంతరాత్మ చెప్పినట్టు ఓటేశారని ఒకరంటారు. సొంత పార్టీ అభ్యర్థికి ఆఖరి నిమిషంలో వెన్నుపోటు పొడిచారని ఇంకొకరంటారు.

రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణం, సిండికేట్‌కూ (కాంగ్రెస్‌ను నడిపించిన పాత పెద్దల వర్గం) ప్రధాని ఇందిరా గాంధీకీ మధ్య పోరు అందరికీ తెలిసినవే. జూలైలో బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు ఇందిర కోరుకున్న జగ్జీవన్ రామ్‌ను పక్కనపెట్టి, నీలం సంజీవరెడ్డిని మెజారిటీతో ఎంపిక చేసింది. హోం మంత్రి చవాన్ కూడా సిండికేట్ వైపే ఓటేయడం ఆమెకు పెద్ద దెబ్బ. చరిత్ర పుస్తకాలు చాలావరకు బెంగళూరునే మలుపుగా చూపిస్తాయి. కానీ అక్కడ జరిగింది పార్టీలో మామూలుగా జరిగే ఓటమే. ఎన్నిక తలకిందులైంది ఆ తర్వాతి నాలుగు వారాల్లో.

ఎంత తేడాతో తలకిందులైందో ముందు చూడాలి. ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. ఎంపీ, ఎమ్మెల్యేల ఓట్లకు వేర్వేరు విలువలుంటాయి. మొత్తం చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలవాలంటే 4,18,169 రావాలి. ఓటర్లు అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2 అంటూ తమ ఇష్టక్రమం రాస్తారు. మొదటి ప్రాధాన్య ఓట్లలో స్వతంత్ర అభ్యర్థి వి.వి. గిరికి 4,01,515, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డికి 3,13,548, జనసంఘ్, స్వతంత్ర పార్టీలు నిలబెట్టిన సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరూ గీత దాటలేదు. అప్పుడు వెనకబడిన అభ్యర్థులను ఒక్కొక్కరినీ తప్పించి, వాళ్ల బ్యాలెట్లలో రెండో అంకె ఎవరి పేరు ఎదురుగా ఉందో చూడాల్సి వచ్చింది. రాష్ట్రపతి ఎన్నికల్లో ఇలా జరిగింది ఇప్పటివరకు ఆ ఒక్కసారే. ఆ లెక్కలో సంజీవరెడ్డికి దాదాపు 92 వేలు కలిసొచ్చాయి, గిరికి 18 వేల పైచిలుకు మాత్రమే. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. గిరి ఆ గీతను దాటింది 1,908 విలువతో.

మన రాష్ట్రంలో ఈ పోటీని చూసిన తీరు వేరు. సంజీవరెడ్డి అనంతపురం మనిషి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడు, 1937లో బొబ్బిలి రాజాను ఓడించిన కార్మిక నాయకుడు, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లినవాడు. దేశ్‌ముఖ్ సైతం మనకు పరాయివాడు కాడు, దుర్గాబాయి భర్తగా తెలుగువారి అల్లుడు. ముగ్గురిలో ఎవరు గెలిచినా మనవాడే గెలిచినట్టన్న తృప్తిలో, ఎలా గెలిచారన్న ప్రశ్నను మనం గట్టిగా అడగలేదు.

ఆ ప్రశ్న జూలై 19 సాయంత్రం నుంచి మొదలుపెట్టాలి. జూలై 16న ఇందిర మొరార్జీ దేశాయ్ చేతిలోంచి ఆర్థిక శాఖ లాక్కున్నారు. మూడు రోజులకు 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. పార్లమెంటు సమావేశాలు జూలై 21న మొదలు కావాల్సి ఉన్నాయి. రెండు రోజులు ఆగితే బిల్లు పెట్టుకోవచ్చు, ఆగలేదు. ఆ ఆర్డినెన్స్‌పై సంతకం పెట్టింది తాత్కాలిక రాష్ట్రపతి హోదాలో ఉన్న ఉపరాష్ట్రపతి గిరి. బెంగళూరు నిర్ణయం రాగానే తాను పోటీ చేస్తానని ఆయన అప్పటికే ప్రకటించారు. అంటే అదే పదవికి పోటీలో ఉన్న వ్యక్తి, తనకు ఓట్లు తేగల ప్రధాని తెచ్చిన అతిపెద్ద నిర్ణయానికి సంతకం పెట్టి, మర్నాడు జూలై 20న రెండు పదవులకూ రాజీనామా చేశారు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఉపరాష్ట్రపతి కూడా లేకపోతే ఆ బాధ్యత ప్రధాన న్యాయమూర్తికి వెళ్లేలా మే నెలాఖరులోనే చట్టం చేసి ఉంచారు. బ్యాంకుల జాతీయీకరణ మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆ చట్టాన్ని 1970 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం మరో రూపంలో మళ్లీ తెచ్చుకుంది. ఆర్డినెన్స్‌కు అంత తొందరేమొచ్చిందన్న ప్రశ్నలోకి మాత్రం కోర్టు వెళ్లలేదు.

సంజీవరెడ్డి ఆ రోజుల్లోనే లోక్‌సభ స్పీకర్ పదవికి రాజీనామా చేసి నామినేషన్ వేశారు. ఆ పత్రాల మీద ప్రతిపాదకురాలిగా ఉన్న సంతకం ఇందిరా గాంధీదే. ఈ ఒక్క సంతకాన్ని గుర్తుపెట్టుకుంటే తర్వాతి నాలుగు వారాలు సరిగ్గా అర్థమవుతాయి. పేరు నచ్చకపోతే సంతకం పెట్టకుండా ఉండొచ్చు. పెట్టాక, ఆయన తన అభ్యర్థి. అయినా ఆయనకు ఓటేయమని ఆమె నోరు తెరిచి అడగలేదు.

కారణంగా చూపించింది కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప చేసిన పని. ఆయన జనసంఘ్, స్వతంత్ర పార్టీల నాయకులను కలిసి, మీ మొదటి ఓటు దేశ్‌ముఖ్‌కు వేసుకోండి, రెండోది మా అభ్యర్థికి ఇవ్వండని అడిగారు. ఇందిర వర్గం దీన్ని కుట్రగా ప్రచారం చేసింది. సంజీవరెడ్డిని రాష్ట్రపతి భవన్‌కు పంపి, ఆమెను గద్దె దించి, మితవాద పార్టీలతో కలిసి ప్రభుత్వం పెడతారన్నది ఆరోపణ. 1967లో కాంగ్రెస్‌కు వచ్చింది 520కి 283 సీట్లే. కొద్దిమంది జారిపోయినా ప్రభుత్వం పడుతుంది, అప్పుడు ఎవరిని పిలవాలన్నది రాష్ట్రపతి చేతిలో ఉంటుంది. కాబట్టి ఆ భయం ఊరికే పుట్టిందని అనలేం.

కానీ సిండికేట్ వాదనకు దక్కాల్సినంత చోటు ఇప్పటికీ దక్కలేదు. రాజ్యాంగమే ఈ ఎన్నికను ప్రాధాన్య ఓట్ల పద్ధతిలో పెట్టింది. బ్యాలెట్ మీద రెండో అంకె వేసే చోటు ఉందంటే, దాన్ని అడిగే హక్కు ప్రతి అభ్యర్థికీ ఉన్నట్టే. పైగా 1967 తర్వాత ఎన్నో రాష్ట్రాల్లో కాంగ్రెస్ అధికారం పోయింది, సొంత బలంతో రాష్ట్రపతిని గెలిపించుకునే పరిస్థితి కాదు. గిరి వెనుక కమ్యూనిస్టులు, డీఎంకే, అకాలీలు, ముస్లిం లీగ్ నిలబడ్డారు. వాళ్లతో మాట్లాడటం ప్రగతిశీలం, రెండో ఓటు కోసం జనసంఘ్‌తో మాట్లాడటం ద్రోహం ఎలా అవుతుందని సంజీవరెడ్డి మనుషులు అడిగారు. దీనికి అవతలి పక్షం నుంచి సూటి జవాబు రాలేదు. జవాబుకు బదులు అనుమానమే ప్రచారమైంది.

ఆగస్టు రెండో వారంలో ఉత్తరాల యుద్ధం నడిచింది. జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ నిజలింగప్పకు లేఖ రాశారు. ఆ పార్టీలతో ఏం మాట్లాడారో చెప్పండి, సభ్యులను స్వేచ్ఛగా ఓటేయనివ్వండి అన్నది దాని సారం. బెంగళూరు బోర్డులో ఇద్దరూ సభ్యులే. ఒకరు అక్కడ ఓడిపోయిన అభ్యర్థి, రెండోవారు ఆయనను బలపరిచినవారు. బోర్డు తీర్పుకు వాళ్లు కట్టుబడినట్టే ఉంటే సంజీవరెడ్డి నిలిచేవారు. పార్లమెంటరీ పార్టీ నాయకురాలిగా విప్ (పార్టీ చెప్పినట్టే ఓటేయాలన్న ఆదేశం) ఇవ్వమని ఇందిరను పార్టీ పెద్దలు కోరారు, ఆమె ఒప్పుకోలేదు. పోలింగ్ దగ్గరపడ్డాక అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్న పిలుపు బయటికొచ్చింది. తిరిగి జవాబు చెప్పుకోవడానికి సంజీవరెడ్డికి టైమ్ మిగల్లేదు. అనుమానం నాటింది జూలై చివరిలో, పంట కోసింది ఆగస్టు 16న.

ఇదే వారాల్లో ఇంకో పని జరిగింది. సంజీవరెడ్డి వ్యక్తిగత జీవితం మీద బురద చల్లుతూ సంతకం లేని కరపత్రం ఒకటి బయల్దేరింది. ఎంపీలకు పోస్టులో వెళ్లిందని, పార్లమెంటు సెంట్రల్ హాల్లోనే చేతులు మారిందని తర్వాత కోర్టులో సాక్షులు చెప్పారు. ఎన్నిక చెల్లదంటూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. గిరి పదవిలో ఉండగానే స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం ఇచ్చారు. అందుకు ఆయనను మెచ్చుకోవాల్సిందే, సాక్ష్యం తన దగ్గరికే వచ్చి నమోదు చేసుకునేలా కమిషన్‌ను పంపించమని అడిగే వీలున్నా అడగలేదు. 1970లో కోర్టు పిటిషన్లను కొట్టేసింది. కరపత్రంతో గిరికి సంబంధం ఉన్నట్టు రుజువు కాలేదు. దాన్ని రాసిందెవరు, అచ్చు వేయించిందెవరు అన్నది మాత్రం తేలలేదు. సంజీవరెడ్డికి తగిలిన దెబ్బ ఏ కోర్టు తీర్పుతోనూ మానేది కాదు.

మిగతాది వేగంగా జరిగిపోయింది. నవంబర్ 12న ఇందిరను పార్టీ నుంచి బహిష్కరించారు, కాంగ్రెస్ రెండుగా చీలింది. ఆమె ప్రభుత్వం కమ్యూనిస్టులు, డీఎంకే ఆసరాతో నిలబడింది. వాళ్లంతా ఆగస్టులో గిరికి ఓటేసినవారే. 1974లో రాష్ట్రపతి ఎన్నికల చట్టాన్ని సవరించి ప్రతిపాదించేవారు 10 మంది, బలపరిచేవారు 10 మంది ఉండాలన్నారు, డిపాజిట్ 2,500 రూపాయలు చేశారు. పిటిషన్ వేయాలంటే అభ్యర్థి అయినా అయి ఉండాలి, లేదా కనీసం 20 మంది ఓటర్లు కలవాలి. 1969 మీద పడినట్టు పిటిషన్లు మళ్లీ పడకుండా దారి ఇరుకు చేశారు గానీ, ఓటుకు ముందు జరిగే మంత్రాంగాన్ని ఏ సవరణా తాకలేదు. 1977లో అదే సంజీవరెడ్డి ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఆ ఏడు 37 నామినేషన్లు పడితే 36 తిరస్కరణకు గురయ్యాయి. ఎనిమిదేళ్ల కింద ఆయన వస్తే ప్రజాస్వామ్యానికి ముప్పన్నవాళ్లెవరూ పోటీకి మనిషిని నిలబెట్టలేదు.

ఇవాళ్టి వాదనకు వస్తే, 1969లో సిండికేట్ పట్టుబట్టిన విప్‌ను ఇప్పుడు ఎవరూ ఇవ్వలేరు. రాష్ట్రపతి ఎన్నికలో పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదని ఎన్నికల సంఘం ప్రతిసారీ చెబుతోంది. ఫిరాయింపుల చట్టం కూడా ఇక్కడ పనిచేయదు. అందుకే పార్టీలు విప్‌కు బదులు క్యాంపులు పెడుతున్నాయి, ముందురోజు విందులు ఇస్తున్నాయి, ఓటెలా వేయాలో నేర్పే మాక్ పోలింగ్ జరుపుతున్నాయి. 2025లో సుదర్శన్ రెడ్డి పార్టీలకు అతీతంగా ఓటేయమని ఎంపీలందరినీ అడిగారు, పోటీ మొదలైనప్పటి నుంచీ బాహాటంగానే అడిగారు. తెలుగు అభ్యర్థి అయినా తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ ఎన్డీఏ వైపే ఉన్నాయి, బీఆర్ఎస్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. వాళ్లు ఎటున్నారో పోలింగ్‌కు ముందే దేశమంతటికీ తెలుసు. సంజీవరెడ్డి నామినేషన్ మీద సంతకం పెట్టిన ప్రధాని ఎటున్నారో మాత్రం, ఓట్లు పడే గంటలు దగ్గరపడేదాకా ఆయన సొంత పార్టీ ఎమ్మెల్యేలకు కూడా సూటిగా తెలియలేదు.