స్టాప్‌వాచ్, టేలర్, టార్గెట్: కొన్ని అపోహలు, వాస్తవాలు

గార్మెంట్ యూనిట్లలో టైమ్ స్టడీ చేయడం, అంటే ఒక్కో పనికి ఎంత సమయం పడుతుందో కొలవడం నా వృత్తి. లైన్ దగ్గర స్టాప్‌వాచ్ తీయగానే ఆపరేటర్ల ముఖాలు వాడిపోతాయి, మేనేజర్ ముఖం వెలిగిపోతుంది. భయానికీ సంబరానికీ కారణం ఒకే అపోహ.

అపోహ: అందరికన్నా వేగంగా కుట్టేవారి సమయమే అందరి టార్గెట్.

వాస్తవం: ముమ్మాటికీ కాదు. చురుకైన ఆపరేటర్ ఒకామె కాలర్ అతకడానికి 60 సెకన్లు తీసుకుంది, ఆమె రేటింగ్ 120 అనుకుందాం, అంటే మామూలు వేగం 100 అయితే ఆమెది 120. మామూలు వేగంతో అదే పనికి 72 సెకన్లు పడుతుంది. మంచినీళ్లు, బాత్రూమ్, అలసట, తెగే దారం, వీటన్నిటికీ 15 శాతం అలవెన్సు కలిపితే దాదాపు 83. అంటే గంటకు 43 పీసులు. రేటింగ్‌నూ అలవెన్సునూ మింగేసిన మేనేజరు గంటకు 60 పీసులు అడుగుతాడు. మధ్యాహ్నానికి ఆల్టరేషన్ పీసులు, అంటే విప్పి మళ్లీ కుట్టాల్సినవి, గుట్ట పడతాయి, కొద్ది రోజులకు మనుషులు మానేస్తారు. అడిగితే ‘ఇది టేలర్ పద్ధతి’ అంటాడు!

టేలర్ అంటే బట్టలు కుట్టే టైలర్ కాదు, పనిని వాచీతో కొలిచే పద్ధతికి పేరుపడ్డ అమెరికన్ ఇంజనీర్ ఫ్రెడరిక్ టేలర్. ఆయన చెప్పినదేమిటి? బెత్లెహేమ్ స్టీల్‌లో ఇనుప దిమ్మెలు మోసేవారి గురించి 1911 నాటి పుస్తకంలో ఆయనే రాశాడు: 92 పౌండ్ల దిమ్మెలు మోసే మనిషి రోజులో 43 శాతం సేపే బరువుతో ఉండాలి, మిగతా 57 శాతం చేతులు ఖాళీగా ఉండాలి. రోజు కూలి కూడా 1.15 డాలర్ల నుంచి 1.85కు పెరిగింది. అలాగని ఆయన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. రోజు మోత పన్నెండున్నర టన్నుల నుంచి నలభై ఏడున్నరకు పెరిగితే కూలి పెరిగింది 60 శాతమే. ఆ కార్మికుల గురించి ఆయన వాడిన మాటలు చదివితే ఒళ్లు మండుతుంది. 1911లోనే అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచ్ మీద సమ్మె జరిగింది.

ఒక యూనిట్‌లో స్లీవ్ అతికే అమ్మాయి ‘సార్, ఇది అయ్యాక నన్ను తీసేస్తారా?’ అని అడిగింది. తీరా కొలిచి చూస్తే ఆమె సమయం పోతున్నది కుట్టులో కాదు, బండిల్ (కత్తిరించిన ముక్కల కట్ట) కోసం ఎదురుచూపులో. కటింగ్ నుంచి బండిళ్లు వరుస తప్పి వస్తున్నాయి. ఇలా భయపడేవారికి నేను చెప్పేదొకటే: మీ పనికి కట్టిన సమయం రాసి ఉండే ఆపరేషన్ షీటు అడగండి, అందులో రేటింగ్, అలవెన్సు గడులు నిండి ఉన్నాయో లేదో చూడండి.

అపోహ: హాథార్న్ ప్రయోగాల తర్వాత వాచీ అక్కర్లేదు, మంచి మాట చాలు.

వాస్తవం: హాథార్న్ అమెరికాలోని ఒక ఫ్యాక్టరీ, పని పరిస్థితులు మారిస్తే ఉత్పత్తి ఏమవుతుందో 1920ల్లో అక్కడ పరీక్షించారు. టెలిఫోన్ రిలేలు బిగించే గదిలో విశ్రాంతి విరామాలూ మారాయి, జీతం లెక్కా మారింది. పలకరింపు ఒక్కటే కాదు.

అపోహ: మేనేజ్‌మెంట్ సూత్రాలు రాసిన ఫ్రెంచ్ ఇంజనీర్ ఫేయోల్ పరీక్షలకే పనికొస్తాడు.

వాస్తవం: ప్రొడక్షన్, క్వాలిటీ, మర్చండైజింగ్ ముగ్గురూ వాట్సాప్‌లో తలో ఆర్డరు వేస్తుంటే, ఏది ముందు చేయాలో తెలియక తల పట్టుకున్న లైన్ సూపర్‌వైజర్‌ను అడగండి. ఒకరికి ఒకే పైఅధికారి అని ఫేయోల్ 1916లోనే రాశాడు. పై అధికారులకు తెలిసేలా రెండు విభాగాలవారు నేరుగా మాట్లాడుకోవచ్చని కూడా ఆయనే అన్నాడు. అందుకే క్వాలిటీవారు ప్రొడక్షన్‌తో నేరుగా మాట్లాడుకోవాలి, సూపర్‌వైజర్‌కు మాత్రం ఆర్డరు ఒక్కరి నుంచే రావాలి.