ఆ విలువ ఇప్పుడు ఏ రిజిస్టరులో ఉంది?

లినక్స్‌లో ఏ ప్రోగ్రాము ఫైలు చదవమని అడిగినా ఆ అడగడం చాలావరకు వీఎఫ్‌ఎస్‌-రీడ్ అనే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాము) ఫంక్షన్ దగ్గరికే చేరుతుంది. దానికి నాలుగు ఆర్గ్యుమెంట్లు, అంటే పిలిచేవాళ్లు అందించే విలువలు: ఏ ఫైలు, చదివింది ఎక్కడ పెట్టాలి, ఎన్ని బైట్లు, ఫైల్లో ఎక్కణ్ణుంచి. సోర్సు కోడ్‌లో వీటికి ఫైల్, బఫ్, కౌంట్, పాస్ అని శుభ్రంగా పేర్లున్నాయి. నడుస్తున్న ప్రాసెసరుకు మాత్రం ఈ పేర్లతో పనిలేదు. దానికి తెలిసినవి రిజిస్టర్లు (ప్రాసెసరు లోపలే విలువల్ని కాసేపు ఉంచుకునే చిన్న చోట్లు), మెమరీ చిరునామాలు, అంతే. మరి ఈ క్షణాన కౌంట్ విలువెంతో చూడాలంటే ఎలా?

మామూలు ప్రోగ్రామైతే డీబగ్గర్‌లో ఆపి చూస్తాం. కెర్నెల్‌ని ఆపితే డిస్కు, నెట్‌వర్కు, కీబోర్డు అన్నీ దాంతోపాటే ఆగిపోతాయి. పదిమంది వాడుతున్న సర్వరు మీద ఆ సాహసం ఎవరూ చేయరు. కోడ్ మధ్యలో విలువను అచ్చువేసే ప్రింట్-కే పెట్టొచ్చు, కానీ అందుకు కెర్నెల్‌ని మళ్లీ కంపైల్ చేసి, మెషీన్ రీబూట్ చేయాలి. అప్పటికి మనం వెతుకుతున్న తప్పు కాస్తా మాయమైపోయి ఉంటుంది.

ఈ చిక్కు విప్పిన పనిముట్టు కేప్రోబ్స్. ఐబీఎం భారత విభాగం ఇంజనీర్ల చేతుల్లో 2002లో మొదలై, 2004లో 2.6.9 వెర్షన్‌తో అసలు కెర్నెల్‌లోకి వచ్చింది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మీద అది చేసేది చూడటానికి మోటుగానే ఉంటుంది. మనం చెప్పిన చోట ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటు తీసేసి అక్కడ బ్రేక్‌పాయింట్ బైటు పెడుతుంది. ప్రాసెసరు అక్కడికి రాగానే ట్రాప్ అవుతుంది, అంటే చేస్తున్న పని ఆపి పక్కకు మళ్లుతుంది, రిజిస్టర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు భద్రమవుతాయి, మనం రాసిపెట్టిన చిన్న కోడ్ (హ్యాండ్లర్) వాటిని చూస్తుంది, తీసేసిన ఇన్‌స్ట్రక్షన్ విడిగా నడుస్తుంది, పని ముందుకు సాగుతుంది. ఫంక్షన్ గుమ్మంలో, అంటే అది మొదలయ్యే చోట, పెట్టే ఇలాంటి ప్రోబ్‌కి ఇప్పుడు చాలావరకు ఈ ట్రాప్ కూడా అక్కర్లేదు, కంపైలర్ ముందే వదిలిపెట్టిన ఖాళీ చోటు సరిపోతుంది.

గుమ్మం దగ్గర ఆర్గ్యుమెంట్లు దొరకడం తేలిక. 64 బిట్ల ఇంటెల్ తరహా మెషీన్ మీద మొదటిది ఆర్‌డీఐ, రెండోది ఆర్‌ఎస్‌ఐ, మూడోది ఆర్‌డీఎక్స్ రిజిస్టరులో వెళ్లాలని ముందే ఒప్పందం ఉంది. అంటే వీఎఫ్‌ఎస్‌-రీడ్ మొదలయ్యే క్షణంలో కౌంట్ ఆర్‌డీఎక్స్‌లోనే ఉంటుంది. ఇంతవరకు హాయి.

ఇప్పుడు ఫైల్లోంచి ఏం చదివారో చూడాలనుకోండి. బఫ్ చిరునామా ఆర్‌ఎస్‌ఐలో ఉంది, వెళ్లి చూస్తే పాత చెత్త కనిపిస్తుంది. కొన్నిసార్లు అదీ ఉండదు: ప్రోగ్రాము కొత్తగా తీసుకున్న మెమరీకి ఇంకా పేజీయే (అసలు మెమరీ ముక్కే) కేటాయించి ఉండకపోతే, ప్రోబ్ అక్కడ ఆగి పేజీ వచ్చేదాకా ఎదురుచూడలేదు, ఎర్రర్ తీసుకుని వెనక్కొస్తుంది. సహజమే, చదవడం ఇంకా మొదలవలేదు కదా. సరే, ఫంక్షన్ ముగిసేటప్పుడు చూద్దాం. కేరెట్‌ప్రోబ్ అనే ఇంకో రకం ప్రోబ్, స్టాక్ (ఫంక్షన్లు తమ తాత్కాలిక లెక్కలు పెట్టుకునే మెమరీ) మీది తిరుగు చిరునామాను మార్చేసి మనల్ని సరిగ్గా అక్కడికి చేరుస్తుంది. ఎన్ని బైట్లు చదివారో ఆర్‌ఏఎక్స్‌లో ఉంది, బఫర్‌లో డేటా నిండుగా ఉంది. కానీ ఆ బఫర్ ఎక్కడ? ఆర్‌ఎస్‌ఐలో చూస్తే వేరే ఏదో విలువ. రిజిస్టరు లాడ్జి గది లాంటిది, పొద్దున దిగినవాడు సాయంత్రానికి ఉంటాడన్న హామీ లేదు.

అందుకే అనుభవమున్నవాళ్లు రెండు ప్రోబ్‌లు పెడతారు. లోపలికి వెళ్లేటప్పుడు బఫ్ చిరునామాను థ్రెడ్ (ప్రోగ్రాములో విడిగా నడిచే ఒక పని వరస) నంబరు మీద ఒక మ్యాప్‌లో, అంటే నంబరు చెబితే విలువ తిరిగిచ్చే పట్టికలో, దాస్తారు, బయటికొచ్చేటప్పుడు అదే నంబరుతో తీసుకుని డేటా చదువుతారు. థ్రెడ్ నంబరు ఎందుకంటే, అదే సమయంలో వందల థ్రెడ్లు అదే ఫంక్షన్‌లో ఉండొచ్చు. చిరునామాను అందరికీ ఉమ్మడైన ఒకే గ్లోబల్ వేరియబుల్‌లో పెడితే ఒకరి బఫర్ ఇంకొకరి పేరు మీద అచ్చవుతుంది. 2020 జనవరిలో వచ్చిన 5.5 వెర్షన్‌లో ఎఫ్‌ఎగ్జిట్ అనే సదుపాయం చేరాక ఈ దాచడమంతా అదే చూసుకుంటోంది.

ఫంక్షన్ లోపలి లోకల్ వేరియబుల్స్ సంగతి వేరు. కెర్నెల్‌ని ఎప్పుడూ ఆప్టిమైజేషన్‌తోనే, అంటే వేగం కోసం కంపైలర్ కోడ్‌ని మలిచేలా, కంపైల్ చేస్తారు. ఒక వేరియబుల్ పది లైన్లు ఒక రిజిస్టరులో, తర్వాత ఐదు లైన్లు స్టాక్ మీద ఉండి, ఆపైన ఎక్కడా లేకుండా పోవచ్చు. డీబగ్ సమాచారంలో ఈ వలసల చిట్టా ఉంటుంది, పెర్ఫ్-ప్రోబ్ అనే పనిముట్టు దాన్ని చదివి ఏ లైను దగ్గర ఏవి దొరుకుతాయో చెబుతుంది. నా మటుకు నేను దాని జోలికి ఆఖర్నే వెళ్తాను. కావలసిన విలువ ఇంకో ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంటుగా వెళ్తుందేమో చూసి, ఆ గుమ్మంలో కాపు కాయడమే మేలు. ఆ ఫంక్షన్ ఇన్‌లైన్ అయిపోతే, అంటే కంపైలర్ దాని కోడ్‌ని పిలిచిన చోటే కలిపేస్తే మాత్రం గుమ్మమే ఉండదు.

స్ట్రక్చర్లతో, అంటే పలు విలువల్ని ఒకచోట కట్టిన మూటలతో, ఇంకో తంటా. ఫైలు పేరు కావాలంటే ఫైల్ పాయింటర్ నుంచి డెంట్రీకి (ఫైలు పేరుండే కెర్నెల్ రికార్డు), అక్కణ్ణుంచి పేరుకు వెళ్లాలి. ఒక్కో మెట్టు ఎన్ని బైట్ల దూరమో కెర్నెల్ వెర్షన్‌ని బట్టి, కాన్ఫిగరేషన్‌ని బట్టి మారుతుంది. 2018లో 4.18తో వచ్చిన బీటీఎఫ్ అనే సమాచార రూపం ఈ కొలతలను కొద్ది మెగాబైట్లలో కుదించి, కెర్నెల్ వెంటే ఉంచే వీలు కల్పించింది.

దీని విలువ 2021 ఏప్రిల్‌లో బాగా తెలిసొచ్చింది. ఫైళ్లను తొలగించే వీఎఫ్‌ఎస్‌-అన్‌లింక్‌కి 5.12 వెర్షన్‌లో కొత్త ఆర్గ్యుమెంటు ఒకటి మొట్టమొదట్లో చేరింది, మిగతావన్నీ ఒక స్థానం జరిగాయి. రెండోదాన్ని డెంట్రీ అనుకుని చదివే పాత స్క్రిప్టుకు ఇప్పుడు చేతికొచ్చేది ఐనోడ్, పేరు ఉండని వేరే రికార్డు. అయినా అది గోల చేయదు, పిచ్చి అక్షరాలనో ఖాళీ పేరునో అచ్చు వేస్తూ పోతుంది. బీటీఎఫ్ ఆసరాతో డెంట్రీ అని పేరు పెట్టి అడిగే స్క్రిప్టుకు మాత్రం ఈ జరుగుబాటు తగలదు.