ఉడుము కనిపిస్తే ప్రాజెక్ట్ పోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నై చుట్టుపక్కల కట్టే ప్రాజెక్టుల ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టుల్లో జీవవైవిధ్యం అధ్యాయం చదివి, సైటుకెళ్లి సరిచూడటం నా పని. ఇందులో నాకు పదేపదే ఎదురయ్యే మాట ఒకటుంది. ప్రశ్నలా కాదు, సలహాలా వస్తుంది: "మేడమ్, మీరు వచ్చేలోపు ఆ పొదలు కొట్టించేస్తే గొడవ ఉండదు కదా?"

ఉంటుంది. అసలు గొడవ అక్కడే మొదలవుతుంది.

అపోహ: షెడ్యూల్-1 జంతువు కనిపించిందంటే ప్రాజెక్ట్ పోయినట్టే.

షెడ్యూల్-1 అంటే వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితా. ఉడుము అందులోనే ఉంది. అంతమాత్రాన మామూలు సైటులో ప్రాజెక్ట్ పోదు. ఉందని రాస్తే మీకు ఇంకో పని పెరుగుతుంది. ఆ జంతువుకి సంరక్షణ ప్రణాళిక రాయాలి, దానికి బడ్జెట్ చూపించాలి, అటవీ శాఖవాళ్లు పరిశీలించాలి. నెమలి కూడా షెడ్యూల్-1లోనే ఉంది. నెమలి కనిపించిన చోటల్లా పనులు ఆపేస్తే తమిళనాడులో రోడ్డు మీద గుంత కూడా పూడ్చలేం.

పెద్ద ఉదాహరణ కావాలంటే మనవైపే ఉంది. అంతరించిపోయిందనుకున్న కలివి కోడి అనే పిట్ట 1986లో కడప జిల్లా లంకమల పొదల్లో మళ్లీ దొరికింది. తర్వాత తెలుగు గంగ కాలువ పని దాని చోటు మీదకే వస్తే కాలువ దారి మార్చారు. పథకం మాత్రం ఆగలేదు. ఆ పథకం చెన్నైకి తెచ్చే కృష్ణా నీళ్లు తాగుతూనే "పిట్ట కోసం ప్రాజెక్టులు ఆపేస్తారండీ" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక ముందే డోజరుతో పొదలు కొట్టించే సంగతి. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం ఈసీ (పర్యావరణ అనుమతి) చేతికి రాకముందు స్థలాన్ని కాపాడుకోవడానికి కంచె వేసుకోవచ్చు. అంతకుమించి, నేల చదును చేయడం కూడా ఉల్లంఘనే. తెలిసి సమాచారం దాచినా, తప్పుడు సమాచారం ఇచ్చినా దరఖాస్తు తిరస్కరించవచ్చు, ఇచ్చిన ఈసీ కూడా రద్దు చేయవచ్చు. ఉడుము ఉందని ఒప్పుకుంటే పోయేది ప్రణాళిక ఖర్చు. లేదని దాస్తే ఈసీకే ఎసరు.

ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటారు. సైటుకి బయల్దేరే ముందు నేను చేసే మొదటి పని గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు వెనక్కి తిప్పి చూడటం. జనవరిలో పచ్చగా ఉన్న ముక్క ఏప్రిల్‌కి ఎర్రగా కనిపిస్తే ఇక అడిగేదేముంది?

వండలూరు అవతల ఒక టౌన్‌షిప్ సైటు అలాంటిదే. 'బీడు భూమి, చెప్పుకోదగ్గ వన్యప్రాణులు లేవు' అని రిపోర్టులో ఉంది. వెళ్లి చూస్తే డోజరు బ్లేడు ఒక చెదపుట్టని నిలువునా కోసేసింది. కోసిన అంచులో తెల్లటి గుడ్లు, వేలితో తాకితే తోలులా మెత్తగా ఉన్నాయి. ఉడుములు చెదపుట్టల్లో గుడ్లు పెడతాయి. కొంచెం అవతల ఇసుకలో జాడ కూడా ఉంది: రెండు వైపులా గోళ్ల గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత. శ్రీకాకుళం నుంచి వచ్చిన వాచ్‌మన్ని అడిగితే "రోజూ ఎండ కాసుకోడానికి ఇక్కడికే వచ్చేదమ్మా" అన్నాడు. అతన్ని అంతకుముందు ఎవరూ అడగలేదు! ఆ యజమాని చాన్నాళ్లు వివరణలు రాసుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. బ్యాంకు వడ్డీ మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు.

"కొట్టించం మేడమ్, పట్టించి అడవిలో వదిలేస్తాం" అనే దయగలవాళ్లూ ఉన్నారు. అనుమతి లేకుండా షెడ్యూల్-1 జంతువుని పట్టుకోవడాన్ని కూడా చట్టం వేట కిందే లెక్కేస్తుంది. కనీస శిక్ష మూడేళ్ల జైలు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

అపోహ: సర్వేలో కనబడలేదంటే లేనట్టే.

ఏ నెలలో వెతికారో చూడాలి. బేస్‌లైన్ డేటా (పని మొదలవకముందు సైటు ఎలా ఉందో చెప్పే వివరాలు) వానాకాలం కాని ఒక సీజన్లో తీస్తే చాలంటారు కాబట్టి చాలామంది మార్చి-మే పట్టుకుంటారు. చెన్నైలో అప్పటికి వలస పక్షులు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి, కుంటలు ఎండి కప్పలు మట్టిలో దాక్కుంటాయి. మేలో తీరం వెంట నడిచి తాబేలు గూళ్లు లేవని రాస్తే ఏం చెప్పాలి? ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇక్కడ గుడ్లు పెట్టేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. ఇంకొందరు సైటుకే వెళ్లరు, పాత రిపోర్టు నుంచి జాబితా ఎత్తి అతికిస్తారు. చెంగల్పట్టు రిపోర్టులో ఒకసారి హిమాలయాల మోనాల్ పక్షి కూడా దర్శనమిచ్చింది.

అపోహ: చెన్నైలోని పళ్లికరణై చిత్తడి నేల దగ్గర కొన్న ఫ్లాట్లు కూల్చేస్తారు.

ఈ పుకారు పుట్టించినవాళ్లు ఎవరోగానీ పాపం చాలామందికి నిద్ర లేకుండా చేశారు. మా బాబాయి నెల్లూరు నుంచి ఫోన్ చేసి, "అమ్మడూ, రిటైర్‌మెంట్ డబ్బంతా మేడవాక్కం ఫ్లాట్లో పెట్టాను, ఇప్పుడేంటి మా గతి?" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. జరిగింది ఇదీ: ఆ చిత్తడి నేల 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2025 సెప్టెంబరులో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దక్షిణ బెంచ్ దాని హద్దుల్లోనూ, చుట్టూ కిలోమీటరు మేరా అధ్యయనం పూర్తయ్యేదాకా కొత్త ప్లానింగ్ అనుమతులు ఇవ్వొద్దంది. అది కొత్త అనుమతుల సంగతి. కాపురం ఉంటున్న ఇల్లు కూల్చమని అందులో లేదు. ఇంకా కట్టని ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు మాత్రం బిల్డర్‌ని సర్వే నంబరుతో సహా కాగితాలు అడగాల్సిందే. బాబాయికీ అదే చెప్పాను. ఆయనది ఎప్పుడో కట్టిన ఇల్లే, కాబట్టి ఇప్పుడు నిద్రపోతున్నాడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బయాలజిస్టు సంతకం పెట్టకపోతే ఫైలు ఆగిపోతుందంటారు. నాకు అంత అధికారం ఉంటే బాగుండు! ఉన్నది ఉన్నట్టు రాయడం వరకే మా వంతు, సిఫారసు నిపుణుల కమిటీది, నిర్ణయం పైవాళ్లది. పదింతలు మొక్కలు నాటితే సరిపోతుందంటారు. గడ్డి నేలలోనూ చిత్తడిలోనూ చెట్లు నాటితే అక్కడి జీవులకి రెండోసారి అన్యాయం చేసినట్టే. ఇదంతా అడవుల పక్కవాళ్లకే అనుకోవడం కూడా తప్పే. చెన్నై నడిబొడ్డున గిండీలో నేషనల్ పార్కు ఉంది, అందులో కృష్ణజింకలు ఉన్నాయి.

మీ ప్రాజెక్టు సంగతి తెలుసుకోవాలంటే వాట్సాప్ చూడకండి. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో దాని పేరుతో వెతికితే దరఖాస్తు, కమిటీ సమావేశాల మినిట్స్, ఈసీ లేఖ దొరుకుతాయి. ఈసీ లేఖలో షరతుల పేజీ చదవండి. ఆ షరతులు ఎంతవరకు పాటించారో యజమాని ఏటా రెండుసార్లు, జూన్ 1కి, డిసెంబరు 1కి రిపోర్టు ఇవ్వాలి. అది కూడా అడిగి చూడండి.