ఎక్కువ ఏరిన చోట ఎక్కువ రకాలు: శిలాజాల లెక్క వెనుక కథ

రాజమండ్రి ఆనుకుని కాతేరు, గోదావరి దాటితే పంగిడి, దుద్దుకూరు. డెల్టా తలాపున ఉన్న ఈ ఊళ్ల నల్లరాతి క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సున్నపురాయి పొర ఇరుక్కుని కనిపిస్తుంది. అందులో నత్తగుల్లలు, ఆల్చిప్పలు ఉంటాయి. దాదాపు 6.5 కోట్ల ఏళ్ల నాటివి. దక్కన్ లావా ప్రధాన విస్ఫోటనం డైనోసార్లు అంతరించిన కాలానికి దగ్గర్లోనే ముగిసిందని భూశాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం 2008లో చెప్పిన మాటకు ఆధారం ఈ పొరలోని సూక్ష్మజీవుల గుల్లలే.

ఒక క్వారీలో 60 గుల్లలు ఏరితే 12 రకాలు, ఇంకోదాంట్లో 600 ఏరితే 25 రకాలు దొరికాయనుకుందాం. రెండో చోట జీవజాతులు ఎక్కువ అనేయొచ్చా? అనకూడదు. అంతర్వేది ఒడ్డున గవ్వలు ఏరే పిల్లల్ని చూడండి. మొదటి గుప్పెట్లో చాలావరకు కొత్త రకాలే. పదో గుప్పెట్లో కొత్తది ఒక్కటి దొరికితే గొప్ప.

ఈ చిక్కుకు 1968లో హోవర్డ్ సాండర్స్ ఒక దారి చూపారు. ఆయన పనిచేసింది సముద్రపు అడుగు బురదలోని జీవుల మీద. పెద్ద నమూనాలోంచి కూడా 60 మాత్రమే తీసి ఉంటే ఎన్ని రకాలు వచ్చేవో లెక్కగట్టడమే ఆ పద్ధతి. పేరు రేర్‌ఫాక్షన్. ఆయన సూత్రంలోని పొరపాటును 1971లో హర్ల్‌బర్ట్ సరిదిద్దారు. 1975లో డేవిడ్ రౌప్ దాన్ని శిలాజాలకు వాడారు.

అయినా అన్యాయం మిగిలింది, నన్నడిగితే అసలు విషయం ఇదే. రకాలు తక్కువున్న చోట 60 గుల్లలకే దాదాపు అన్నీ బయటపడతాయి. ఎక్కువున్న చోట సగం కూడా కనిపించవు. సమానంగా తీశామనుకుంటాం గానీ, జాతులు ఎక్కువున్న చోటే నష్టపోతుంది. దీనికి మందు 1953లోనే గణితవేత్త ఐ.జె. గుడ్ రాసిపెట్టారు, మూల ఆలోచన అలన్ ట్యూరింగ్‌ది. ఒక్కసారే దొరికిన రకాల్ని లెక్కపెట్టాలి. 60 గుల్లల్లో అలాంటివి 6 ఉంటే, మన నమూనా అక్కడి జీవుల్లో సుమారు 90 శాతానికి అద్దం పడుతున్నట్టు. గుల్లల సంఖ్య బదులు ఈ శాతాన్ని సమానం చేసి పోల్చే పద్ధతిని 2010లో జాన్ ఆల్రాయ్ శిలాజాలకు తెచ్చారు. 2012లో ఆన్ చావ్, లూ జోస్ట్ దానికి గట్టి గణితం కట్టారు.

రాయి తేడాని మాత్రం ఏ సూత్రమూ సరిచేయలేదు. మెత్తటి మట్టిపొరలో చిన్న గుల్ల కూడా చెక్కుచెదరకుండా వస్తుంది, గట్టి సున్నపురాయిలో సుత్తి దెబ్బకి పొడైపోతుంది. ఇంకో బాధ, అందమైన గుల్లల్ని మాత్రం ఏరుకుని విరిగినవి అక్కడే పారేయడం. ఏ పొరలో ఎన్ని కిలోల రాయి పగలగొట్టారు, ఏ రకం ఎన్ని దొరికాయి అన్నది సంచి మీద రాసి లేకపోతే, దుద్దుకూరు సంచిని కాతేరు సంచితో పోల్చే దారే లేదు.