తాళ్ల మీద వాలిన ఛాంపియన్

1974 అక్టోబరు 30, తెల్లవారుజామున నాలుగు గంటలు. జైర్ (ఇప్పటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) రాజధాని కిన్షాసాలో హెవీవెయిట్ బాక్సింగ్ పోటీ చూడడానికి వేలాది మంది నిద్ర మానుకుని స్టేడియంలో కూర్చున్నారు. అమెరికాలో జనం రాత్రిపూట తీరిగ్గా చూడాలని పెట్టిన ముహూర్తం అది. ముహమ్మద్ అలీకి అప్పటికి 32 ఏళ్లు. ఎదురుగా 25 ఏళ్ల జార్జ్ ఫోర్‌మన్. ఆడిన 40 పోటీల్లోనూ గెలుపే, అందులో 37 నాకౌట్లు.

రెండో రౌండు నుంచి అలీ వెళ్లి రింగు చుట్టూ ఉండే తాళ్లకు ఆనుకున్నాడు. మోచేతులు పక్కటెముకలకు, గ్లవ్స్ ముఖానికి అడ్డం పెట్టుకుని, కొట్టమన్నట్టు నిలబడ్డాడు. బయటికి రమ్మని శిక్షకుడు ఏంజెలో డండీ అరుస్తూనే ఉన్నాడు. అలీ వినలేదు.

హెవీవెయిట్ గుద్దు ఎంత బలంగా ఉంటుంది? బ్రిటన్ పరిశోధకులు అక్కడి హెవీవెయిట్ బాక్సర్ ఫ్రాంక్ బ్రూనో దెబ్బను కొలిచి 1985లో ఫలితాలు ప్రచురించారు. పిడికిలి సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో తాకింది. 14 మిల్లీసెకన్లలోపే బలం 4,096 న్యూటన్లకు చేరింది. నాలుగు క్వింటాళ్ల బరువు మీద పడినట్టే!

ఆ కొద్దిపాటి సమయంలోనే ఉంది కిటుకంతా. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాం కదా, బడిలో ద్రవ్యవేగం పాఠంలో చెప్పేది అదే. బంతి ఆగడానికి పట్టే సమయం పెరిగితే అరచేతికి తగిలే బలం తగ్గుతుంది. అలీ వెనక్కి ఊగినప్పుడల్లా తాళ్లు సాగాయి, దెబ్బలో కొంత వాటికి పోయింది. తాళ్లు కావాలనే వదులు చేశారని తర్వాత గొడవ జరిగింది. డండీ మాత్రం ఒప్పుకోలేదు.

నా లెక్కలో ఫోర్‌మన్‌ను ఎక్కువగా దెబ్బతీసింది అతడి సొంత కండరాలే. గురి తప్పిన గుద్దు మరీ ఖరీదైనది. లక్ష్యం తగిలితే చేతిని అదే ఆపుతుంది. తగలకపోతే విసిరిన కండరాలకు తోడు వెనక కండరాలూ శ్రమించి ఆపాలి. పైగా కిన్షాసా భూమధ్యరేఖకు దగ్గర. ఉక్కపోత సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు: చెమట కారుతుంది, ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. వేడెక్కిన శరీరం రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, కండరాల వాటా తగ్గుతుంది. అయిదో రౌండు దాటాక ఫోర్‌మన్ చేతులు నీళ్లలో కదులుతున్నట్టు కదిలాయి. ఎనిమిదో రౌండు ముగియడానికి రెండు సెకన్లుండగా అతడి ఓటమి ఖాయమైంది.

తెలివైన ఎత్తే, కానీ ఉచితం కాదు. తాళ్లు దెబ్బలో కొంతే తీసుకున్నాయి, మిగిలింది ముంజేతులకు, డొక్కలకు పోయింది. 1975 అక్టోబరు 1న మనీలా వేడిలో జో ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు జరిగినప్పుడూ అంతే. ఇక తలకు తగిలే దెబ్బకు తాడు అసలే లేదు. పుర్రె గిర్రున తిరిగితే మెత్తటి మెదడు ఒక్క క్షణం వెనకబడుతుంది, లోపలి నాడీతంతువులు సాగిపోతాయి.

1977లో ఎర్నీ షేవర్స్‌తో పోటీ తర్వాత అలీ మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని పరీక్షల్లో తేలింది. అతడి వైద్యుడు ఫెర్డీ పచేకో ఆ నివేదికను అలీకి, అతడి భార్యకు, డండీకి పంపాడు. ఎవరూ జవాబివ్వలేదని పచేకో తర్వాత చెప్పాడు. అతడు ఆ బృందం నుంచి తప్పుకున్నాడు. అలీ మరో నాలుగుసార్లు రింగులోకి దిగాడు.