వరదొచ్చినప్పుడు తాగే నీళ్ళు: అపోహలు - వాస్తవాలు

నేను నీళ్ళ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తా. వానాకాలం మొదలైందంటే చాలు, చుట్టాలు, ఫ్రెండ్స్, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోళ్ళు అందరివీ అవే ప్రశ్నలు, కాచితే సరిపోద్దా, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల లెక్క) ఎంతుండాలి, బ్లీచింగ్ వేసిన నీళ్ళు తాగితే ఏమన్నా అవుద్దా అని. విడివిడిగా చెప్పే ఓపిక లేక అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక్క ముక్క. నీళ్ళని పాడుచేసేవి మూడు రకాలు. కంటికి కనపడే బురద, కంటికి కనపడని క్రిములు, నీళ్ళలో కరిగిపోయి ఉండే ఉప్పులూ ఫ్లోరైడ్ లాంటివి. ఒకదానికి పనిచేసే పద్ధతి ఇంకోదానికి పనిచేయదు. జనంలో ఉన్న అపోహలు దాదాపు అన్నీ ఈ మూడింటినీ కలిపేసుకోవడం వల్ల వచ్చినవే. వరదప్పుడు వెంటనే మంచాన పడేసేవి మాత్రం క్రిములే, కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు, నీళ్ళ విరేచనాలు అన్నీ వాటి బాపతే.

అపోహ: టీడీఎస్ మీటర్ 80 చూపించింది, మా నీళ్ళకేం ఢోకా లేదు.

ఇది వింటే నాకు నిజంగా ఒళ్ళు మండుద్ది. ఆ మీటర్ చూసేది నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతోందని, దాన్నిబట్టి కరిగిన ఉప్పులు ఎంతుంటాయో ఒక లెక్క చెప్తుంది, అంతే. మురుగు కలిసిన వాన నీళ్ళలో పెట్టినా 80, 100 చూపించొచ్చు, దానికి క్రిమి సంగతి తెలీదు. తాగే నీళ్ళకి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, వేరే దిక్కు లేనిచోట 2000 దాకా కూడా ఒప్పుకుంటారు. ఉప్పెనొచ్చి సముద్రం నీళ్ళు బావిలో కలిశాయనుకోండి, అప్పుడు ఈ మీటర్ పనికొస్తుంది.

ఇంకో తమాషా, ఇంటికొచ్చి ఆర్‌ఓ ఫిల్టర్ మెషీన్ అమ్మేవాళ్ళు రెండు గ్లాసుల్లో కరెంటు పుల్లలు ముంచి మీ కుళాయి నీళ్ళు గోధుమరంగులోకి మారిపోవడం చూపిస్తారు కదా, ఆ రంగు నీళ్ళలోది కాదండీ, పుల్లల్లో ఉన్న ఇనుము కరిగి వచ్చిన తుప్పు. ఆర్‌ఓ నీళ్ళలో ఉప్పులు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, అందుకే ఆ గ్లాసు తేటగా ఉంటుంది.

క్రిములు చూడాలంటే ఫీల్డ్‌లో వాడేది హెచ్‌టూఎస్ సీసా. గుర్తు దాకా నీళ్ళు పోసి మూత పెట్టి వెచ్చగా ఉండే చోట పెడితే 24 నుంచి 48 గంటల్లో సీసా లోపలంతా నల్లగా అయిపోతే ఆ నీళ్ళలో మలం కలిసి ఉండొచ్చని అనుమానించాలి. వరదలో అంతసేపు ఎవరు ఆగుతారు, అందుకే టెస్ట్ కోసం చూడకుండా నీళ్ళు చెడ్డవే అనుకుని మొదలుపెట్టడం మేలు.

అపోహ: పావుగంటైనా కుతకుతా మరిగితేనే క్రిములు చస్తాయి.

ఒక్క నిమిషం చాలు. బుడగలు బాగా పైకి పొర్లుతూ మరిగాక నిమిషం ఉంచి దించేయండి. సముద్రమట్టానికి 2000 మీటర్ల పైన ఉండేవాళ్ళు మూడు నిమిషాలు ఉంచాలి, మన లంబసింగి, అరకు కూడా అంత ఎత్తు లేవు కాబట్టి మనకి ఆ గొడవ లేదు. గ్యాస్ బండ ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో పావుగంట మంట అంటే ఊరికే తగలేయడమే. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లారనివ్వండి, వేరే బిందెలోకి వంపి, అందులో చెయ్యి పెట్టి చెంబు ముంచారంటే కాచిన ఫలితం పోయినట్టే.

కాచితే అన్నీ పోతాయనేది దీనికి తమ్ముడు లాంటి అపోహ. ఫ్లోరైడ్ పోదు, ఉప్పు పోదు, పైగా నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ అవి ఇంకాస్త చిక్కబడతాయి. నల్గొండ వైపు ఫ్లోరైడ్ ఊళ్ళ కోసం పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి తేర్చే పద్ధతిని నీరి (NEERI) అనే కేంద్ర పర్యావరణ పరిశోధన సంస్థ తయారు చేసింది, దాని పేరే నల్గొండ టెక్నిక్. అది వేరే కథ. డీజిల్ వాసనో పురుగుమందు వాసనో వస్తుంటే మాత్రం కాచినా బ్లీచింగ్ వేసినా లాభం లేదు, ఆ నీళ్ళు పారబోయండి.

అపోహ: పటిక తిప్పితే నీళ్ళు శుభ్రం.

తేటపడతాయి. పటిక ముక్క బిందెలో నాలుగైదు చుట్లు తిప్పి అరగంట కదపకుండా ఉంచితే బురద దూది పింజల్లా ముద్దకట్టి అడుక్కి చేరుద్ది, దాంతోపాటు కొన్ని క్రిములు కూడా దిగుతాయి. అన్నీ దిగవు, పైన తేటలో మిగిలినవి బతికే ఉంటాయి. పాతకాలంలో చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్ళు, అదీ ఇదే పని. అయితే ఈ మొదటి మెట్టు లేకుండా తర్వాతది చేయకూడదు, ఎందుకంటే బురద నీళ్ళలో బ్లీచింగ్ వేస్తే మందంతా బురదకే ఖర్చయిపోయి క్రిముల దాకా మిగలదు. పై తేట మాత్రం నెమ్మదిగా వేరే బిందెలోకి వంపుకోండి.

గుడ్డతో వడకట్టడం కూడా అంతే, కానీ దాన్ని తీసిపారేయొద్దు. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరని నాలుగు మడతలు వేసి వడకట్టించి చూస్తే కలరా దాదాపు సగానికి తగ్గింది, 2003లో ఆ ఫలితాలు వచ్చాయి. కలరా క్రిమి నీళ్ళలోని సన్న పురుగుల్ని అంటిపెట్టుకుని ఉంటుంది, ఉతికి ఉతికి దారాలు ఉబ్బిన పాత నేత ఆ పురుగుల్ని ఆపేస్తుంది. మిగతా క్రిములకి, వైరస్‌లకి గుడ్డ ఒక అడ్డే కాదు. క్యాండిల్ ఫిల్టర్ ఇంతకంటే చాలా నయం, కానీ వైరస్‌లు దాంట్లోంచి కూడా పోగలవు. క్యాండిల్‌కి సన్న చీలిక కనపడినా మార్చేయండి.

అపోహ: బ్లీచింగ్ విషం, లేదా ఎంతెక్కువ వేస్తే అంత మంచిది.

రెండు బ్యాచ్‌లూ ఉన్నాయి, ఒక్కోసారి ఒకే ఇంట్లో. బ్లీచింగ్‌లో పనిచేసేది క్లోరిన్, మునిసిపల్ కుళాయి నీళ్ళలో రోజూ తాగేదీ ఆ క్లోరిన్‌నే. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలుండాలి, జబ్బులు ప్రబలే టైమ్‌లో 0.5 ఉండాలి. సమస్యల్లా కొలతలోనే, బిందెడు నీళ్ళకి కావాల్సిన పౌడర్ ఎంత తక్కువంటే దాన్ని ఇంట్లో ఎవ్వరూ తూచలేరు, అందుకే చిటికెడు వేయండి అనే సలహా వినొద్దు. ముందు ద్రావణం చేసుకోవాలి. కొత్త ప్యాకెట్, ఘాటు వాసన ఉన్న బ్లీచింగ్ 30 గ్రాములు కిరాణా కొట్టులోనే తూకం వేయించుకుని లీటరు నీళ్ళలో ప్లాస్టిక్ సీసాలో కలపండి. సున్నం అడుక్కి దిగాక పై తేట మాత్రం తీసి ఇంకో సీసాలో పోసి, పిల్లలకి అందకుండా చీకట్లో పెట్టుకోండి, వారానికి మించి వాడొద్దు. 20 లీటర్ల తేట నీళ్ళకి ఇది ఒక టీ స్పూన్, కొంచెం మసకగా ఉంటే రెండు. కలిపి అరగంట ఆగాలి. ఆ తర్వాత లైట్‌గా క్లోరిన్ వాసన రావాలి, రాకపోతే ఇంకోసారి అంతే వేసి మళ్ళీ అరగంట.

మీ ఊళ్ళో వాటర్ ట్యాంక్ ఆపరేటర్ దగ్గర నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూసే క్లోరోస్కోప్ ఉంటుంది, గొట్టంలో నీళ్ళు పోసి మందు చుక్కలు వేస్తే లేత నిమ్మపండు రంగు వస్తే చాలు, నారింజ రంగొస్తే మోతాదు దంచేశారని అర్థం. ఆ టెస్ట్ చేసిన నీళ్ళు తాగకూడదు, పారబోయాలి. మూత తీసి మూలనపడ్డ ఏడాది నాటి బ్లీచింగ్ సంచి ముగ్గుకి తప్ప దేనికీ పనికిరాదు, క్లోరిన్ ఎగిరిపోయుంటుంది. ఇంకోటి, బ్లీచింగ్‌ని టాయిలెట్ కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఇదంతా ఎవరు చేస్తారు అనేవాళ్ళకి క్లోరిన్ బిళ్ళలున్నాయి, ప్యాకెట్ మీద ఎన్ని లీటర్లకి ఒకటి అని రాసుంటుంది, అది చూసి వాడండి. పది లీటర్ల బిళ్ళని గ్లాసులో వేసుకునే మహానుభావులు కూడా ఉన్నారు.

అపోహ: మాకు ఆర్‌ఓ ఉంది.

కరెంటు ఉందా మరి? హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న వైజాగ్‌ని కొట్టాక రోజుల తరబడి కరెంటు లేదు, ఆర్‌ఓ మెషీన్లు గోడకి బొమ్మల్లా వేలాడాయి. వాటర్ టిన్నులు తెప్పించుకుంటాం అంటారు, ఆ ప్లాంటుకీ కరెంటే కావాలి. పైగా ఆర్‌ఓ నీళ్ళలో మామూలుగా క్లోరిన్ మిగలదు, కడగని టిన్నులో పోస్తే మళ్ళీ క్రిములు చేరకుండా ఆపేదేం ఉండదు.

అపోహ: ఎండలో సీసా పెడితే నీళ్ళు శుభ్రం అవ్వడమేంటి, జోక్.

జోక్ కాదు, నిజం. రెండు లీటర్ల లోపు రంగులేని ప్లాస్టిక్ సీసాలో తేట నీళ్ళు పోసి అడ్డంగా పడుకోబెట్టి మంచి ఎండలో ఆరు గంటలు ఉంచితే చాలావరకు క్రిములు చస్తాయి, సగం మబ్బుంటే రెండు రోజులు పెట్టాలి. తుఫాను రోజు ఎలాగూ ఎండ ఉండదు, తర్వాత కాసినప్పుడు వాడుకోవచ్చు. రాగి బిందె కూడా క్రిముల్ని చంపుతుంది గానీ చాలా గంటలు పట్టే పని, దాహమేస్తున్న ఇంటికి అది లెక్కలోది కాదు. ఫ్రిజ్, ఐస్ వల్ల క్రిములు చావవు.

అపోహ: వరద తీసింది, కుళాయి నీళ్ళు తేటగానే వస్తున్నాయి, ఇంక భయం లేదు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు విజయవాడని ముంచినప్పుడు సింగ్‌నగర్ వైపు పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళకి ఇల్లు తడవలేదు, కానీ చాలా అపార్ట్‌మెంట్ల సంపులు ఉండేది నేలలో. సంపులోకి దూరిన మురుగుని మోటార్ పైకి తోడితే ఐదో అంతస్తు కుళాయిలో వచ్చేది ఆ నీళ్ళే, బురద సంపు అడుక్కి దిగిపోయుంటుంది కాబట్టి చూడ్డానికి బాగానే ఉంటాయి. అందుకని నీళ్ళు తీశాక మొదట సంపు మొత్తం ఖాళీ చేసి బురద ఎత్తి గోడలు రుద్ది కడగాలి, దిగే మనిషిని ఒంటరిగా దింపొద్దు, మూత ముందే తీసి గాలి ఆడనివ్వండి. తర్వాత మంచినీళ్ళు నింపి వెయ్యి లీటర్లకి 150 గ్రాముల బ్లీచింగ్ బకెట్‌లో కలిపి తేట మాత్రం పోసి, మోటార్ వేసి పై ట్యాంక్ నింపి, ప్రతి ఫ్లాట్‌లో కుళాయిలు క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేసి రాత్రంతా అలా వదిలేయాలి. ఆ నీళ్ళు తాగేవి కావు, పొద్దున మొత్తం వదిలేసి మళ్ళీ నింపాకే వాడకం, అప్పుడు కూడా తాగడానికి కొన్నాళ్ళు కాచినవో క్లోరిన్ వేసినవో.